అమ్ముగూడ బలరాం

“ఫుట్‌బాలు ఆడితే కూడు పెడుతుందా?” అని కిందటి నెల ఒక తండ్రిగారు మమ్మల్ని నిలదీశారు. వారి పిల్లవాడికి పుస్తకం కంటే బంతి మీదే ధ్యాస. మేము తులసీదాస్ బలరాంగారి సంగతి చెప్పాము. పాఠకులకూ మనవి చేస్తున్నాము.

బలరాంగారు 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టారు. ఇంట లేమి. ఆట నేర్పిన రహీం సాహెబు, హైదరాబాదు వచ్చిపోవడానికి సైకిలు అద్దె తామే ఇచ్చేవారట. ఆ సైకిలు 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సు దాకా పోయిందనుకోండి! అక్కడ మనవారు నాలుగో స్థానంలో నిలిచారు. 1960లో రోములో హంగరీ మీద, పెరూ మీద చెరొక గోలు బలరాంగారే కొట్టారు. హంగరీ చేతిలో ఓడింది 2–1 తోనే. ఆ హంగరీకి కాంస్యం దక్కింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను గెలిచి మనవారు స్వర్ణం తెచ్చారు. ఆ ఏడే ఆయనకు అర్జున అవార్డు.

1963లో కలకత్తాలోనే ఈస్ట్ బెంగాల్ విడిచి బి.ఎన్.ఆర్. రైల్వే జట్టులో చేరారు. (మన చాందాఫోర్టు లైను ఒకప్పుడు ఆ రైల్వేదే.) అంతలో ఊపిరితిత్తుల జబ్బు. ఇరవయ్యేడేళ్ళకే ఆట ముగిసింది. సహచరులు చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది, ఈయనకు రాలేదు. ఇది మాకు నేటికీ మింగుడుపడదు. ఉత్తరపాడాలో ఒంటరిగా బ్రతికి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

తండ్రిగారు అంతా విని, “అయితే రైల్వేలో చేరాడన్నమాట!” అన్నారు.