వినోదస్థలాల ద్వారాలు ఎవరి కొరకు?

అన్నవస్త్రాలకు లోటు లేదనుకున్న మరుక్షణం మానవుని మనస్సు వినోదాన్ని కోరుతుంది. జాతరలోని రంగులరాట్నం మొదలుకొని నేటి జలక్రీడా ఉద్యానవనాల వరకు అన్నీ ఈ కోరిక ధరించిన రూపాలే. మన ఖానాపూర్ ప్రాంతపు కుటుంబాలకు గోదావరిపై సదర్మాట్ ఆనకట్ట, కడెం జలాశయం, కుంటాల జలపాతం పరిచితమైన విహారస్థలాలు. వీటికి తోడు 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో హైదరాబాదు సమీపాన రావిర్యాలలో ప్రారంభమైన వండర్‌లా వంటివి కూడా నేడు విద్యార్థుల విహారయాత్రల పట్టికలో చేరాయి. నదీతీరానికి ద్వారమూ లేదు, ద్వారపాలకుడూ లేడు. వినోదోద్యానానికి మాత్రం ప్రహరీ ఉంది, టిక్కెట్టు ఉంది, తనిఖీ ఉంది. ప్రహరీ ఉన్నచోట లోపలికి ఎవరిని రానిస్తారు, ఎవరిని రానివ్వరు అన్న ప్రశ్న కూడా ఉండక తప్పదు.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ ప్రశ్నను ఉపేక్షించలేదు. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణాలతో మాత్రమే ఏ పౌరునికీ దుకాణాలలో, భోజనశాలలలో, హోటళ్ళలో, ప్రజా వినోదస్థలాలలో ప్రవేశం నిరాకరించరాదని 15వ అధికరణం శాసించింది. బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు వినోదస్థలాన్ని కూడా వారు పేరుపెట్టి చెప్పడం గమనించదగిన విషయం. నలుగురిలో కూర్చుండి నవ్వే అవకాశం లేనివాడు ఆ నలుగురిలో ఒకడు కాజాలడని వారు గ్రహించారు. ఆ అధికరణంలోని 'లింగం' అనే మాటలో వ్యక్తి తనను తాను స్త్రీగానో పురుషునిగానో మరొక విధంగానో గుర్తించుకొనే స్వభావం కూడా ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ప్రజలందరికీ ఉద్దేశించిన సేవలు, సౌకర్యాలు నిరాకరించరాదని 2019లో పార్లమెంటు చట్టం చేసింది. స్వలింగ సంబంధాన్ని నేరంగా పరిగణించిన 377వ సెక్షన్ విషయంలో, వయస్సు వచ్చిన వ్యక్తుల పరస్పర అంగీకారం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్పష్టపరచింది.

అయితే మన తెలంగాణ గడ్డపై ఈ విషయంలో జరిగిన చరిత్ర విద్యార్థులలో చాలామందికి తెలియదు. ఫసలీ 1329లో, అనగా 1919లో, నిజాం రాజ్యంలో హిజ్రాలను గూర్చి ఒక చట్టం వెలువడింది. వారి పేర్లు పట్టికకు ఎక్కించాలి. పట్టికకు ఎక్కినవారు స్త్రీవేషంతో గాని, ఆభరణాలతో గాని వీధిలో కనిపించినా, బహిరంగ వినోద ప్రదర్శనలో ఆడినా పాడినా వారంటు లేకుండానే నిర్బంధించవచ్చు. రెండేండ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. వీధి, వినోదం – ఈ రెంటినీ ఒక మానవ సమూహానికి నిషేధించిన చట్టమది. నిజాం రాజ్యం పోయింది, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ విడిపోయింది. ఆ చట్టం మాత్రం పుస్తకాలలో నిలిచే ఉంది. రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసింది 2023 జూలైలో. అంటే నూరేండ్లకు పైగా ఆయుర్దాయం అనుభవించిన అన్యాయమది.

చట్టం ఇట్లుండగా ప్రజల ఆచారం మరొక విధంగా ఉండడం మన నేల విశేషం. పాత కరీంనగర్ జిల్లాలోని వేములవాడ రాజన్న సన్నిధికి శ్రీరామనవమి నాడు జోగినులు, హిజ్రాలు పెద్దసంఖ్యలో తరలివచ్చి తమను తాము శివునికి పెళ్ళికూతుళ్ళుగా సమర్పించుకుంటారు. తలంబ్రాలు పోసుకొనే ఆ వేళ వారు అందరి నడుమనే నిలబడతారు. ఆ ఆచారపు తత్త్వాన్ని విచారించడం ఈ వ్యాసపు పని కాదు. పల్లె జాతర చోటిచ్చిన మనిషిని ధనం వెచ్చించి కట్టిన నగరపు ఉద్యానవనం అనుమానంగా చూస్తే, ఏది నాగరికత అని అడగడమే నా ఉద్దేశం.

ఈ జాడ్యం మన ఒక్కరిదే కాదు. వినోదోద్యానాలకు పుట్టినిల్లనదగిన అమెరికాలో నల్లవారి పిల్లలకు రంగులరాట్నం ఎక్కే భాగ్యం చాలాకాలం లేదు. బాల్టిమోర్ సమీపాన ఉన్న గ్విన్ ఓక్ ఉద్యానం, అనేక నిరసనల తరువాత, 1963 ఆగస్టు 28న వారికి తలుపు తెరిచింది. మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో తన ప్రసిద్ధోపన్యాసం చేసిన రోజు కూడా అదే. ఆనాటి ఆ రంగులరాట్నాన్ని తరువాత వాషింగ్టన్ నగరానికి తరలించారు. కాలిఫోర్నియాలో మెక్సికో సంతతి కుటుంబాలు ఇటువంటి అవమానమే అనుభవించాయి. ఆరెంజ్ పట్టణపు ఈతకొలనులో వారికి సోమవారం మాత్రమే ప్రవేశం. వారు వెళ్ళిన తరువాత నీరు తోడివేసి కొలను కడిగేవారు. శాన్ బెర్నార్డినో నగరంలో మాత్రం వారు న్యాయస్థానానికి ఎక్కి, నగరపు ఈతకొలనులో తమకూ సమాన హక్కు ఉన్నదని 1944లో తీర్పు సంపాదించారు.

అదే ఆరెంజ్ కౌంటీలో 1955లో డిస్నీలాండ్ వెలసింది. 1980లో అక్కడ ఇద్దరు యువకులు జంటగా నృత్యం చేసినందుకు కాపలాదారులు వారిని వెలుపలికి పంపివేశారు. వారిలో ఒకరు దావా వేయగా, ఆయన పౌరహక్కులకు భంగం కలిగిందని 1984లో జ్యూరీ తీర్మానించింది. 1991లో ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు స్వలింగ ప్రేమికులు, వారి కుటుంబాలు, మిత్రులు సుమారు 3,000 మంది ఎర్రచొక్కాలు ధరించి ఒకే రోజున వెళ్ళారు. కేకలు లేవు, నినాదాలు లేవు. అందరివలె టిక్కెట్టు కొని, అందరివలె వరుసలో నిలబడ్డారు. ఆనాటి నుండి అది ఏటేటా జరిగే ఆనవాయితీ అయింది. నేడు మన తెలుగు కుటుంబాలు ఎన్నో అమెరికాలో ఆ ఉద్యానాలను చూసి వస్తున్నాయి. అక్కడ తమ రంగును, యాసను ఎవరూ లెక్కించకుండా లోపలికి రానివ్వడం వెనుక ఇంతమంది పోరాటం ఉన్నదని వారు గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. మెక్సికో వారికి సోమవారం కేటాయించడం అవమానమైతే, మన హైదరాబాదు నుమాయిష్‌లో స్త్రీలకు ఒక ప్రత్యేక దినం కేటాయించడం ఏమవుతుంది? ఉస్మానియా పట్టభద్రులు 1938లో ప్రారంభించిన ఆ ప్రదర్శన ఆదాయం విద్యాసంస్థలకు వినియోగమవుతున్నదని మనకు తెలుసు. అక్కడ స్త్రీల దినం ఒకటి ఉన్నా, తక్కిన దినాలలో కూడా స్త్రీలు నిరాటంకంగా వెళ్ళవచ్చు. ఆ ఒక్కరోజు అదనపు మర్యాద. ఆరెంజ్ కొలనులో సోమవారం ఇచ్చి తక్కిన ఆరు రోజులూ లాగుకున్నారు. కనుక ప్రత్యేక దినం, ప్రత్యేక వరుస, ప్రత్యేక గది ఏది చూపినా మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: తక్కిన తలుపులు తెరిచి ఉన్నవా, మూసి ఉన్నవా?

ప్రవేశం లభించినంత మాత్రాన సమస్య తీరదు. తనిఖీ వద్ద స్త్రీల వరుస, పురుషుల వరుస అని రెండే ఉంటాయి. ట్రాన్స్‌జెండర్ యువతి ఎందులో నిలవాలి? మూత్రశాల ఎక్కడ? రాత్రి బసకు గది ఎవరిస్తారు? 2017లో కొచ్చి మెట్రో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉద్యోగాలిచ్చి దేశమంతటి ప్రశంస పొందింది. కాని నగరంలో ఇల్లు అద్దెకు దొరకక వారిలో కొందరు అచిరకాలంలోనే ఆ ఉద్యోగాలు వదలుకున్నారు. స్వలింగ వివాహానికి చట్టబద్ధత కల్పించడానికి సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించింది. కాగితంపై కుటుంబం కాకపోయినా, కలిసి బ్రతికి కష్టసుఖాలు పంచుకొనేవారికి కలిసి విహరించాలని ఉండదా? జలక్రీడా స్థలాలలోని వస్త్రనియమాల వల్ల నిండుగా దుస్తులు ధరించిన మన ఆడపడుచులు గట్టునే కూర్చుండిపోయిన సందర్భాలు మనకు తెలియనివి కావు. ఆ బాధ ఎరిగిన మనకు ఇతరుల బాధ అర్థం కావడం కష్టం కాదు.

"మన మతం, మన సంప్రదాయం దీనిని అంగీకరిస్తాయా?" అని కొందరు పెద్దలు ప్రశ్నించవచ్చు. వారి భావాన్ని నేను తేలికచేయను. ఒకరి జీవనవిధానాన్ని మెచ్చుకోవడం వేరు, వారిని మనిషిగా మన్నించడం వేరు. పక్క సీటులో కూర్చున్న ప్రయాణికుని విశ్వాసాలు విచారించిన తరువాతనే మనం బస్సులో ప్రయాణిస్తున్నామా? మనలను కూడా అట్లే విచారించి తలుపు తెరుస్తామంటే అల్పసంఖ్యాకులమైన మన గతి ఏమి కావాలి?

ప్రభుత్వం ఒక అడుగు ముందుకు వేసింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ప్రారంభమైన మహాలక్ష్మి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలతో పాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కూడా ఉచిత ప్రయాణం కల్పించింది. బస్సు ఎక్కించడం ప్రభుత్వం పని. ఎక్కినవారిని చూసి వెకిలిగా నవ్వకుండా ఉండడం మన పని.

కళాశాల కమిటీ వారికి నా విన్నపాలు మూడు. విహారయాత్రకు స్థలం నిర్ణయించే ముందు అక్కడి ప్రవేశ, తనిఖీ, వస్త్ర నియమాలను లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. ఎవరినైనా అవమానించే నియమం ఉంటే ఆ స్థలాన్ని మానుకోవాలి. బస్టాండులో, దారిలో హిజ్రాలు కనిపించినప్పుడు హేళన చేయడం క్రమశిక్షణకు భంగమని ముందుగానే ప్రకటించాలి. మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. నడకలోనో, మాటతీరులోనో తోటివారికి భిన్నంగా ఉన్న విద్యార్థి ప్రతి కళాశాలలోనూ ఉంటాడు. ఎగతాళికి వెరచి అతడు విహారయాత్రకు పేరు ఇవ్వడు. ఏమని అడిగితే డబ్బు లేదంటాడు. అట్టివానిని అధ్యాపకులు గుర్తించి తమ వెంట తీసుకువెళ్ళాలి.

విద్యార్థులారా! వచ్చే యాత్రలో బస్సు కదిలే ముందు ఒక్కసారి చుట్టూ చూడండి. రాని వాడెవడో, ఎందుకు రాలేదో విచారించండి. వెళ్ళి అతని చేయి పట్టుకొని తీసుకురండి.