పొట్లమే హద్దు కావాలి

గంజాయి కలిపిన గమ్మీలు, చాక్లెట్ల విషయంలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం కంటే కెనడాయే తెలివిగా నడుచుకుందని నా అభిప్రాయం. కొలరాడోలో 2014 జనవరి 1న వినోదం కోసం గంజాయి అమ్మే దుకాణాలు తెరిచారు. ఆ ఏడాదే న్యూయార్క్ టైమ్స్ కాలమిస్టు మారీన్ డౌడ్ డెన్వర్‌లో అలాంటి చాక్లెట్ కాస్త కొరికి, ఏమీ అనిపించక మరికాస్త తిని, ఆనక ఎనిమిది గంటలు భ్రాంతిలో ముడుచుకుపోయానని తన కాలమ్‌లోనే రాశారు. చాలామంది నవ్వారు. కానీ తప్పు ఆమె ఒక్కరిదేనా? పొగ పీలిస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది. తింటే మాత్రం గంజాయిలో మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీ కాలేయంలో మరింత బలమైన రూపం దాల్చి, నెత్తికెక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఆలోగా ‘ఏమీ కాలేదే’ అని ఇంకొకటి నోట్లో వేసుకోవడమే కొంప ముంచుతుంది. కొలరాడోలో ఒక మోతాదు 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, పొట్లంలో 100 దాకా ఉండొచ్చు. కెనడాలో పొట్లం మొత్తానికే 10. కొత్తవాళ్లు రెండున్నర మిల్లీగ్రాములతో ఆగాలి, రెండు గంటలు ఓపిక పట్టాలి, మద్యం కలపకూడదు, బండి నడపకూడదు, పిల్లలకు అందకుండా తాళం వేయాలి. ఇవన్నీ మంచి మాటలే. అయితే పది మోతాదుల మిఠాయి చేతికిచ్చి నిగ్రహం బోధించడం చట్టం చేయాల్సిన పని కాదు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల లెక్క వేరు: రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు కాబట్టి, వీసా మీద ఉన్నవారికి సురక్షితమైన మోతాదు సున్నా.