గోదావరి మట్టం చెబుతున్నారు, పనుల మట్టం ఎందుకు చెప్పరు?

భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల ప్రజలకు, ముఖ్యంగా ఏజెన్సీ గ్రామసభల సభ్యులకు విజ్ఞప్తి

వానాకాలంలో భద్రాచలంలో ఎవరిని కదిపినా గోదావరి ఎన్ని అడుగులుందో చెబుతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు బడిపిల్లలకూ తెలుసు, చదువురాని ముసలమ్మలకూ తెలుసు. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చిందని, 2022 జులైలో 71.3 దాకా లేచిందని ఊరు ఊరంతా గుర్తుపెట్టుకుంది. ఈ లెక్క ఇంతగా జనం నోట్లో నానడానికి కారణముంది. కొలత ఒకటే, అందరికీ కనిపించే చోట ఉంది, దాని అర్థం ఎవరికైనా ఒకటే. అన్నిటికన్నా ముఖ్యం, గీత దాటితే ఎవరో ఒకరు కదిలి తీరాలి. 48 దాటాక కూడా పునరావాస కేంద్రం తెరవకపోతే ఏ అధికారీ తప్పించుకోలేడు, ఎందుకంటే 48 దాటిందని ఊరందరికీ తెలుసు. మన రోడ్లకూ వంతెనలకూ బస్సులకూ రైలు మార్గాలకూ ఇలాంటి కొలతే కావాలని, ఇలాంటి గీతలే గీయాలని ఈ కరపత్రం అడుగుతోంది.

అదే నది మీద జరిగిన పనినే చూడండి. భద్రాచలం దగ్గర మొదటి వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. దాని పక్కన రెండో వంతెన పని 2015లో మొదలైంది. జనం దాని మీద నడిచింది 2024లో, శ్రీరామనవమికి కాస్త ముందు. మధ్యలో గడువులు మారుతూ వచ్చాయి. తొమ్మిదేళ్లు పట్టడానికి కారణాలు లేవని మేం అనడం లేదు. గోదావరిలో పని చేయగలిగింది వరద లేని నెలల్లోనే, మధ్యలో కరోనా వచ్చింది, వరదలూ వచ్చాయి. కానీ ఏ ఏడు ఎన్ని నెలలు పని జరిగింది, ఎన్ని నెలలు ఆగింది, ఆగింది నీళ్ల వల్లనా బిల్లు రాకపోవడం వల్లనా అన్నది నెలనెలా ఊరికి చెప్పే పద్ధతి లేదు. 2022 జులైలో నీళ్లు 71 అడుగులకు చేరి పాత వంతెన మీద రాకపోకలు ఆపేసిన రోజున పక్కనే కొత్త వంతెన సగంలో నిలబడి ఉంది. నది మట్టం గంటగంటకూ చెప్పిన యంత్రాంగానికి ఆ వంతెన మట్టం చెప్పడం చేతకాని పని కాదు. చెప్పాలన్న నియమం లేదు, అంతే.

రైలు సంగతి ఇంకా పాతది. భద్రాచలం రోడ్ అని పేరున్న స్టేషన్ కొత్తగూడెంలో ఉంది. రాములవారి దర్శనానికి వచ్చినవాళ్లు అక్కడ దిగి, నలభై కిలోమీటర్లు బస్సులోనో జీపులోనో వెళ్లాలి. కొవ్వూరు దాకా రైలు వేయాలన్నది దశాబ్దాల కోరిక. ఆ దారిలో సత్తుపల్లి వరకు సుమారు 54 కిలోమీటర్లు 2022లో పూర్తయింది. సుమారు 930 కోట్ల ఖర్చులో 600 కోట్లకు పైగా సింగరేణి పెట్టింది, ఎందుకంటే సత్తుపల్లి గనుల బొగ్గు బయటికి పోవాలి. బొగ్గు లారీలు రోడ్డెక్కకుండా పోవడం మంచిదే, మేం దాన్ని తప్పుపట్టం. కానీ అందులో ఒక పాఠముంది. సింగరేణికి ఎన్ని టన్నులు ఎప్పటికి కదలాలో కచ్చితమైన లెక్క ఉంది, డబ్బు పెట్టింది కాబట్టి లెక్క అడిగే స్థానముంది. ప్రయాణికుడు కూడా పన్నుల రూపంలో డబ్బు పెట్టినవాడే. అడిగే స్థానం మాత్రం అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఎనిమిది కొత్త రైలు మార్గాల్లో మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173 కిలోమీటర్లకు పైగా సాగే మార్గం ఒకటి. 2030-31కి పూర్తి చేస్తామన్నారు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడు రాష్ట్రాల నేల మీద, అడవుల గుండా, గోదావరి దాటి రావాల్సిన పని అది. లెక్క ఇప్పుడే తెరవాలి. 2030లో అడిగితే దొరికేవి సాకులే.

లెక్కే లేదని కాదు, లెక్క వేరే దానికి ఉంది. కార్యాలయాల్లో పురోగతి అంటే ఖర్చయిన డబ్బు. ఎస్టిమేటు, టెండరు, అగ్రిమెంటు, ఎం-బుక్ (కొలతల పుస్తకం), బిల్లు: ఈ వరుసలో బిల్లు చేరిందంటే పని చేరినట్టే. ఊరికి మాత్రం పని పూర్తవడమంటే బస్సు రావడం. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో వాగు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కల్వర్టు శ్లాబు పడింది, సున్నం కూడా వేశారు. ఇటు పక్క, అటు పక్క మట్టి పోసి ఎత్తు కలపలేదు. రోడ్డుకూ శ్లాబుకూ మధ్య మోకాలెత్తు గట్టు. బైకు ఎలాగో ఎక్కుతుంది, ఆటో ఎక్కదు, బస్సు మాట చెప్పనే అక్కర్లేదు. కాగితం మీద ఆ కల్వర్టు పూర్తయిన పని. రోడ్డు పంచాయతీరాజ్ వాళ్లది, మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీది, చెట్లు అటవీ శాఖవి, బస్సు ఆర్టీసీది. ఎవరి ముక్క వాళ్లు పూర్తిచేశామని రాస్తారు. ఆ ముక్కలన్నీ కలిసి ఒక ప్రయాణం అయిందా లేదా అని చూసే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. గొప్ప మేలు. కానీ బస్సే రాని గూడెంలో ఆ మేలు గడప దాటి లోపలికి రాదు.

లెక్కలో కనబడని ఊళ్లు ఇంకో సమస్య. మంజూరైన పనులకే పురోగతి రాస్తారు. మంజూరే కాని చోట పురోగతి సున్నా అని కూడా ఎవరూ రాయరు. 2016 చివర్లో వామపక్ష తీవ్రవాద ప్రభావిత జిల్లాల కోసం కేంద్రం ప్రత్యేక రోడ్ల పథకం పెట్టినప్పుడు దేశంలోని 44 జిల్లాల్లో ఖమ్మం ఒకటి. 2024లో ఆమోదించిన ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన నాలుగో దశలో తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో వంద మంది ఉన్న ఆవాసాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. మంచి నియమమే, కానీ జనాభాకు ఆధారం 2011 జనగణన. ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణభయంతో వచ్చి చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల ఆవాసాలు చాలావరకు ఆ లెక్కకు అందలేదు. ఎనభై మంది ఉన్న గూడెం ఎటూ లెక్కకు రాదు. వాళ్ల ఆడపిల్లకు నొప్పులొస్తే డోలీ కట్టి, ఇద్దరు మార్చి ఇద్దరు భుజాలు మార్చుకుంటూ వాగు దాటించి 108 అంబులెన్సు నిలబడే చోటికి చేర్చాలి. అందుకే లెక్క మంజూరైన పనుల నుంచి కాదు, బస్సు రాని ఊళ్ల నుంచి మొదలవ్వాలి. ఊరి పేరు, బస్సు ఆగే చోటికి నడక దూరం, ఏడాదిలో వాగు వల్ల దారి తెగే రోజులు. ఈ మూడూ తెలుసుకోవడానికి ఉపగ్రహం అక్కర్లేదు. ఆశా కార్యకర్త చెబుతుంది.

మేం అడుగుతున్న ఏర్పాటు ఇది. ప్రతి రోడ్డుకూ, వంతెనకూ, బస్టాండుకూ, రైలు మార్గానికీ పంచాయతీ కార్యాలయం గోడ మీదా దగ్గరి బస్టాండులోనూ తెలుగులో ఒక పలక ఉండాలి. మొదటి గడువు తేదీని చెరపకూడదు. కొత్త గడువు ఇస్తే దాని కిందే రాయాలి. మూడు నెలలు ఆలస్యమైతే మొదటి హెచ్చరిక: సంబంధిత ఇంజనీరు కారణాన్ని ఒక్క వాక్యంలో రాసి సంతకం చేయాలి. ఆరు నెలలైతే రెండో హెచ్చరిక: ఆ శాఖ జిల్లా అధికారి, ఆర్టీసీ డిపో మేనేజరు, అటవీ రేంజి అధికారి ముగ్గురూ ఒకే రోజు గ్రామసభకు రావాలి. ఏడాది దాటితే మూడో హెచ్చరిక: కలెక్టరు, ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి కలిసి విచారించి ఆ నివేదికను బయటపెట్టాలి. పని పూర్తయిందని రాయాల్సింది బిల్లు పాసైన నాడు కాదు, వరసగా నెల రోజులు బస్సు నడిచిన నాడు.

ఇదంతా ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఉందని కొందరంటారు. నిజమే, కొంత ఉంది. 150 కోట్లు పైబడిన కేంద్ర ప్రాజెక్టుల మీద కేంద్ర గణాంక శాఖ నెలనెలా నివేదిక ఇస్తుంది. గ్రామీణ సడక్ యోజనకు పెద్ద వెబ్‌సైటే ఉంది. కానీ అవి ఇంగ్లీషులో, ప్యాకేజీ నంబర్లతో ఉంటాయి. మన గూడేనికి వచ్చే రోడ్డు ఏ ప్యాకేజీలో ఉందో తెలియాలంటే ఇంజనీరు ఆఫీసుకే వెళ్లి అడగాలి. సిగ్నల్ కోసం గుట్టెక్కే చోట వెబ్‌సైటు ఉందని చెప్పడం జవాబు కాదు. పైగా ఆ లెక్కలన్నీ పైవాళ్లు కిందివాళ్లను అడగడానికి పుట్టినవి. 2015 నుంచి ప్రధానమంత్రే ‘ప్రగతి’ పేరుతో సమీక్షలు చేస్తున్నారు. కిందివాళ్లు పైవాళ్లను అడిగే దారి వేరే వేయాలి. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, ఎవరూ అడగకముందే సమాచారాన్ని స్థానిక భాషలో బయటపెట్టమంటోంది. కాబట్టి మేం కొత్త చట్టం అడగడం లేదు. సాంకేతిక విషయాలు జనానికి అర్థం కావన్న మాట కూడా నిలవదు. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మస్టర్లను సామాజిక తనిఖీల్లో ఊరి మధ్య చదివి వినిపించారు. ఎవరి పేరున ఎన్ని రోజులు రాశారో, ఎన్ని రోజులు నిజమో కూలీలే తేల్చారు.

అడవి చట్టాల వల్లే ఆలస్యమవుతోందన్నది తరచుగా వినే జవాబు. ఇందులో సగం నిజముంది, ఆ సగాన్నే పలక మీద రాయమంటున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, గ్రామసభ సిఫారసు చేస్తే డీఎఫ్‌వో (డివిజనల్ అటవీ అధికారి) స్థాయిలోనే రోడ్డుకు ఇవ్వొచ్చు. లెక్క వేసి చూడండి: ఆరు మీటర్ల వెడల్పున ఒక హెక్టారంటే కిలోమీటరున్నర దాటిన రోడ్డు. చాలా గూడేలకు తెగిపోయిన ముక్క అంతే ఉంటుంది. అలాంటి చోట గ్రామసభ తీర్మానం ఏ తేదీన వెళ్లింది, ఏ బల్ల మీద ఎన్ని రోజులుంది అన్నది కనిపిస్తే, ఆపింది చట్టమా అలసత్వమా తేలిపోతుంది. అభయారణ్యం మధ్య నుంచి పోయే దారికి అనుమతి కష్టమైతే ఆ మాటా రాయండి. ఊరు ఇంకో దారి వెతుక్కుంటుంది.

మేం తేలిగ్గా తీసుకోలేని అభ్యంతరం ఇంకొకటి ఉంది. రోడ్డు వస్తే బయటివాళ్లొస్తారు, కలప పోతుంది, పోడు భూమి చేతులు మారుతుంది అని ఆదివాసీ పెద్దలు భయపడుతున్నారు. ఈ ప్రాంత చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఆ భయాన్ని కొట్టిపారేయలేరు. కానీ ఆ భయానికి మందు పనిని చీకట్లో జరగనివ్వడం కాదు. ఏ రోడ్డు ఎవరి కోసం, ఏ మార్గంలో, ఎంత వెడల్పున అన్నది ముందే పలక మీద ఉంటే, గనికో టింబరుకో వేసే రోడ్డుకు గూడెం పేరు పెట్టడం కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం ఊళ్లో జరిగే పథకాలకు గ్రామసభ ఆమోదం ఉండాలంటోంది. పంచాయతీ ఖర్చు చేసిన నిధులకు వినియోగ ధ్రువపత్రం గ్రామసభే ఇవ్వాలని కూడా అంటోంది. వద్దనే హక్కు నిజంగా ఉండాలంటే ఏం జరుగుతోందో తెలియాలి.

2014లో గీసిన సరిహద్దు ఈ పలకల అవసరాన్ని ఇంకా పెంచింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల పోవాలంటే మధ్యలో పక్క రాష్ట్రం నేల దాటాలి. గుంత పడితే ఎవరు పూడ్చాలన్న ప్రశ్నకు రెండు రాష్ట్రాల్లోనూ జవాబు దొరకదు. ప్రయాణికుడు వెళ్లేది ఒకే దారిన కాబట్టి, సరిహద్దు రోడ్లకు రెండు వైపులా ఒకే పలక ఉండాలి, ఏ కిలోమీటరు ఎవరిదో దాని మీద ఉండాలి.

పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. రాబోయే సభలో మీ ఊరికి సంబంధించిన ఒక్క పనిని ఎంచుకోండి. దాని మొదటి గడువు ఏది, ఇప్పుడు ఎక్కడ ఆగింది, ఎవరి సంతకం కావాలి అని అడిగి, వచ్చిన జవాబును మినిట్స్ పుస్తకంలో తేదీతో సహా రాయించండి. జవాబు రాకపోతే ‘జవాబు రాలేదు’ అని రాయించండి. తీర్మానం నకలు ఐటీడీఏకు, డిపో మేనేజరుకు, ఎమ్మెల్యేకు పంపండి. పలక వచ్చేదాకా బడి గోడ మీద సుద్దముక్కతోనైనా ఆ తేదీలు రాసిపెట్టండి.