రోగి గుట్టు, మన భాష

వర్తకులకు చిన్ననాటనే అలవడు కట్టుబాటు ఒకటి కలదు. ఒకరి ఖాతా మరియొకరి కంట పడనీయరాదు. ఫలానావాని బాకీ ఎంతయని ఎవరేని అడిగినచో, "పుస్తకము చూడవలయును" అని మేము మాట తప్పించుదుము. రూపాయల పద్దునకే ఇంత మరుగు పాటించు ఊరిలో, మనిషి దేహమునకు సంబంధించిన పద్దు మాత్రము అంగడి మెట్లమీద నలుగురి నడుమ విప్పి చదువబడుచున్నది. ఈ వారము ఆ సంగతిని సభ్యుల ముందుంచ దలచితిమి.

తిరునిన్రవూరులోను, చుట్టుపట్ల పల్లెలలోను మన పెద్దలు పలువురు ఇంట తెలుగే మాటలాడుదురు. తమిళము ధారాళముగా మాటలాడినను చదువనేరరు. ఆసుపత్రి చీటీ చూడబోయిన ఆంగ్లము. వ్రేలిముద్ర వేయించుకొను పత్రము తమిళముగాని ఆంగ్లముగాని. కావున ఆ కాగితము మొదట మనుమని చేతికి, అతడు లేనిచో పొరుగింటికి, ఆపైన అంగడికి వచ్చును. చదువువాడు బిగ్గరగా చదువును. బేరమునకు వచ్చినవారు విందురు. సాయంకాలమునకు రైలు స్టేషనువద్ద, "ఏం పెద్దమ్మా, చక్కెర మున్నూరు ఉండాదంట గదా!" అని పలకరింపు మొదలగును.

చక్కెర వ్యాధియైన నవ్వి ఊరకుండవచ్చును. క్షయ, మనోవ్యాధి, గర్భస్రావము మొదలగునవి అట్టివి కావు. వానివలన కుదిరిన సంబంధము తప్పిపోవును, అద్దె యిల్లు దొరకదు, పని పోవును. వీనికంటె చెడ్డ ఫలితము వేరొకటి కలదు: రోగి ఆసుపత్రికి పోవుటయే మానును. సామాన్యమైన క్షయకు సయితము ఆరు మాసములు విడువక మందు తినవలసియుండును. ఊరి నోటికి వెరచి నడుమ మానినవానికి వ్యాధి తిరుగబెట్టుటయేగాక, మందులకు లొంగని రూపము దాల్చు ప్రమాదమును కలదు. అట్టివాని గుట్టు రట్టగుటచే నష్టపడువాడు అతడొక్కడే కాదు.

వైద్యుడు రోగి రహస్యమును కాపాడవలెనను నియమము పాశ్చాత్యులనుండి వచ్చినదని కొందరి తలంపు. చరకసంహిత విమానస్థానమున శిష్యునకు చేయు ఉపదేశములో, రోగి యింటి సంగతులు బయట చెప్పరాదను మాట స్పష్టముగా నున్నది. మనకు దాపుననున్న తిరువళ్ళూరులో వైద్య వీరరాఘవస్వామికి భక్తులు అవయవముల ఆకృతిగల రేకులు సమర్పించి, కోనేట బెల్లము వేసి తమ బాధ విన్నవించుకొందురు. ఆ వైద్యుడు విన్నది ఎవరితోను చెప్పడు గదా!

నేటి శాసనములును ఈ విషయమున మౌనముగా లేవు. వైద్యమండలి 2002 నాటి నియమావళి ప్రకారము, చికిత్సచేయుచు తెలిసికొన్న రహస్యమును వైద్యుడు వెల్లడింపరాదు. న్యాయస్థానపు ఆజ్ఞ, ఇతరులకు కలుగు తీవ్రమైన అపాయము, ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులు అను సందర్భములు మాత్రము మినహాయింపులు. చెన్నపట్నమున రక్తదానము చేయబోయిన యొకనికి హెచ్.ఐ.వి. యున్నట్లు తేలి, ఆ వార్త పొక్కి, కుదిరిన పెండ్లి ఆగిపోయిన వ్యవహారము అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. 1998లో న్యాయస్థానము, రోగి గోప్యత గౌరవింపదగినదే గాని, పెండ్లికూతురి ప్రాణముకంటె అధికము కాదని తీర్పు చెప్పినది. ఈ తీర్పును చూపి, "అయినచో నలుగురికి చెప్పుటయే మేలు" అని వాదించువారు కలరు. ఆ వాదము పొసగదు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలునందున్న హెచ్.ఐ.వి. శాసనము ఈ విషయమును తేటపరచినది. భాగస్వామికి నిజముగా అపాయమున్నప్పుడు, రోగియే చెప్పునట్లు మొదట నచ్చజెప్పి, అతడు చెప్పడని తోచినప్పుడు, తాను చెప్పబోవుచున్నట్లు అతనికి తెలిపి, వైద్యుడో సలహాదారుడో ఆ భాగస్వామికి మాత్రమే చెప్పవచ్చును. అత్తవారి వీథికంతటికి చాటుమని ఏ శాసనమును అనలేదు.

ప్రభుత్వమునకు తెలుపుట వేరు, వీథికి తెలుపుట వేరు. క్షయరోగిని గూర్చి ప్రైవేటు వైద్యులును ప్రభుత్వమునకు తెలుపవలెనని 2012 నుండి నియమము కలదు. అది రోగికి మందు అందుటకే. కోవిడు కాలమున ఇండ్ల తలుపులకు కాగితము లంటించిరి. వానివలన రోగులు అంటరానివారివలె చూడబడుచున్నారని అత్యున్నత న్యాయస్థానము గుర్తించి, అధికారుల ప్రత్యేక ఉత్తరువు లేనిదే అట్లు అంటింపరాదని 2020 డిసెంబరు 9న చెప్పినది.

మందుల అంగడి నడుపు మన సోదరులకు ఒక మాట. హెచ్1 పట్టికలోని మందులు అమ్మినప్పుడు రోగి పేరు, వైద్యుని పేరు, మందు, పరిమాణము ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడు సంవత్సరము లుంచవలెనని 2014 నుండి నియమము. ఆ పుస్తకము తనిఖీ అధికారికొరకే గాని బల్లమీద తెరచియుంచుటకు కాదు. 2018లో ఆంధ్రప్రదేశమున అన్న సంజీవని అంగళ్ళలో మందులు కొన్నవారి పేర్లు, ఫోను నంబరులు, కొన్న మందుల వివరములతో సహా ఇంటర్నెట్టులో ఎవరికైనను కనబడునట్లుండినవని పత్రికలు బయటపెట్టెను. ఎవడో దొంగిలించినది కాదు; తలుపు వేయుట ఎవరికిని తోచలేదు, అంతే.

అయినను, మనబోటి అల్పసంఖ్యాక భాషీయుల గుట్టు మొట్టమొదట జారిపోవునది కంప్యూటరునుండి కాదు, భాషనుండియే. తనకు రాని భాషలో నున్న పత్రముపై వ్రేలిముద్ర వేసినవాడు దేనికి సమ్మతించెనో పరుల నోట వినవలసినవాడగుచున్నాడు. హెచ్.ఐ.వి. శాసనము ప్రకారము, రోగికి అర్థమగు భాషలో, అర్థమగు రీతిలో తెలిపిన పిమ్మట పొందినదే సరియైన సమ్మతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము మరియొక మెట్టు ముందునకు పోయి, సమాచారము సేకరించువారు ఇచ్చు తెలియజేతను ఆంగ్లములోగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనగాని చదువుకొను వీలు కల్పించినది. ఆ యిరువది రెండు భాషలలో తెలుగు ఒకటి. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. ప్రధానమైన బాధ్యతలు అప్పటినుండి పదునెనిమిది నెలలకు అమలునకు వచ్చునట్లు ఏర్పాటు. ఈ శాసనము కంప్యూటరులోని సమాచారమునకే వర్తించును, కంపౌండరు చేతి పుస్తకమునకు కాదు. అయినను తెలుగు పత్రమును దయగా గాక హక్కుగా అడుగుటకు ఇది మనకు ఆధారము.

అడుగుటకు ముందు మన యింటిని చక్కబెట్టుకొనవలయును. ఆసుపత్రికి తోడుపోయి మాట తర్జుమాచేయు యువతీయువకులను సంఘము గుర్తింపవలెను. స్త్రీలకు స్త్రీలే తోడుపోవలెను. విన్నమాట ఇంటికి తేరాదు. పిల్లలచేత తల్లి రోగమును చెప్పించు పద్ధతి మానవలెను. తల్లి సిగ్గుపడి సగము దాచును, పిల్లవాడు భయపడి మిగిలిన సగము దాచును, వైద్యునకు చేరునది సున్న. ఇక వైద్య సహాయము కోరు దరఖాస్తులు సభలో చదువబడరాదు. రోగి అనుమతి లేనిదే వారి పేరు, వ్యాధి ఈ పత్రికలో అచ్చుపడరాదు. "వ్యాధి తెలియనిదే దాత లెట్లు ముందుకు వత్తురు?" అను ప్రశ్న న్యాయమైనదే. సంఘము నియమించిన ఇరువురు కాగితములు పరిశీలించి, సొమ్ము నేరుగా ఆసుపత్రికి చెల్లించి, రశీదు దాతకు చూపునప్పుడు పేరు మూసి చూపిన చాలును. బియ్యము బస్తా బరువు నమ్మి కొనువారు ఇద్దరు పెద్దల మాట నమ్మజాలరా?

తెలుగు పత్రము కావలెనని అడిగి లేదనిపించుకొన్న సభ్యులు, ఆ తేదీని, ఏ విభాగమున అడిగిరో ఆ వివరమును వ్రాసి సంఘ కార్యాలయమున అందజేయ ప్రార్థన. అవి కూడబెట్టి జిల్లా అధికారులకు విన్నపము పంపుదుము. రోగి పేరును, వ్యాధి పేరును అందు వ్రాయనక్కరలేదు.