ఇంటి ముచ్చట: నక్షత్రనౌకలో జేజి తిన్నె

పోయిన సంచికలో మాట ఇచ్చిన ప్రకారం ఈసారి మామిడికాయ ఊరగాయల గురించి రాయాలి. కానీ మా మనవడు నా కలాన్ని వేరే దారి పట్టించాడు.

హోసూరులో వాడు తొమ్మిదో తరగతి ముగించాడు. సెలవులు ఇచ్చింది మొదలు కంప్యూటరు ముందే. "ఏం చేస్తా ఉండావప్పా?" అంటే, "నక్షత్రనౌకలో కూర్చునే హాలు కడతా ఉండా తాతా" అన్నాడు. వాళ్ల నాయనకేమో కోపం, ఇవేమన్నా మార్కులు తెస్తాయా అని.

1987 నుంచి 1994 వరకు అమెరికా టీవీలో వచ్చిన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో ఎంటర్‌ప్రైజ్ అనే నౌక ఉంది. దాని పదో అంతస్తులో, ముందు కొసన, డ్యూటీ దిగినవాళ్లు కబుర్లు చెప్పుకునే గది 'టెన్ ఫార్వర్డ్'. అలాంటిదాన్నే వీడు బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కడుతున్నాడు.

నేను ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు డ్రాయింగులు గీసినవాణ్ణి. చూడగానే చెయ్యి ఊరుకోలేదు. బల్ల ఎత్తు 1 మీటరు, కుర్చీ 30 సెంటీమీటర్లు! "కూర్చున్నవాడి గడ్డం బల్లకు తగులుతుంది. కుర్చీ 45, బల్ల 75 పెట్టు" అన్నాను.

తరువాత చిక్కు వెలుతురుతో వచ్చింది. గదినిండా దీపాలు పెట్టాడు, కిటికీల్లో నక్షత్రాలు కనిపించడం లేదు. రాత్రిపూట కృష్ణగిరి నుంచి హోసూరు వచ్చే బస్సు గుర్తు చేశాను. లోపల లైట్లు వెలుగుతుంటే అద్దంలో మన మొహమే కనిపిస్తుంది. ఆర్పితేనే బయటి కొండలు. దీపాలు తగ్గించి, బల్లల కిందికి దించాడు. చుక్కలు వచ్చాయి!

1968లో వచ్చిన '2001: ఏ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో అంతరిక్ష కేంద్రం గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడే బరువునిస్తుంది కాబట్టి అక్కడి హాలులో నేల పైకి వంగి ఉంటుంది. 100 మీటర్ల వ్యాసార్థమైతే, భూమ్మీద ఉన్నంత బరువు రావాలంటే నిమిషానికి సుమారు 3 చుట్లు తిరగాలి. ఈ లెక్క వాడే వేసి చూపించాడు. అది చూశాక వాళ్ల నాయన నోరు మెదపలేదు.

అంతా అయ్యాక కూడా హాలు ఆసుపత్రిలో వరండాలా ఉంది. కుర్చీలన్నీ కిటికీవైపే. "ఎవరు ఎవరితో మాట్లాడతారు రా?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "కృష్ణగిరిలో జేజి కూర్చునే తిన్నె ఉంది కదా" అన్నాడు.

ఆ ఇల్లు అమ్మేశాం. వచ్చే నెల కొన్నవాళ్లు పడగొడతారు. మా ఆవిడ పోయిన తరువాత నేను ఆ గడప తొక్కలేదు. మనవడి కోసం టేపు పట్టుకుని వెళ్లాను. తిన్నె ఎత్తు 18 అంగుళాలు. "తాతా, నువ్వు చెప్పిన 45 ఇదే కదా!" అన్నాడు వాడు. కొలతలు రాసుకునే నెపంతో నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడు నౌకలో కిటికీ పక్కన ఒక తిన్నె ఉంది, మూలన నున్నగా అరిగిన చోటుతో సహా.

మీ ఊళ్లో పాత ఇల్లు పడగొట్టబోతున్నారా? ఒక టేపు, ఒక కాగితం, ఒక పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ముందే వెళ్లి రండి. ఊరగాయలు వచ్చే సంచికలో!