కప్పబడక ముందే చూడవలెను



రైల్వేలో ఒక చిన్న కల్వర్టు కట్టవలసి వచ్చినను, దాని పునాది గోతిని బాధ్యుడైన అధికారి చూడకుండ కాంక్రీటు పోయుట నిబంధనలకు విరుద్ధము. మట్టిక్రింద కప్పబడిపోవు పనిని కప్పబడక ముందే తనిఖీ చేసి, కొలతల పుస్తకములో వ్రాయవలెనను నియమము మనకు క్రొత్తది కాదు. ముందుగా తెలియజేయకుండ కాంట్రాక్టరు పూడ్చివేసినచో, అతని ఖర్చుతోనే తిరిగి తెరిపించి చూచు అధికారము కూడ ఉన్నది. ఈ నియమముల నడుమ జీవితమంతయు గడిపిన ఉద్యోగి, తన సొంత ఇంటి విషయమున మాత్రము ఏమి చేయుచున్నాడు? కాంక్రీటు పోయుట పూర్తియైనదని మేస్త్రీ కబురు చేసిన తరువాత, వారాంతపు సెలవునాడు వెళ్లి చూచి సంతోషించుచున్నాడు. చూచుటకు అప్పటికి మిగిలినదేమి?

రాయపూర్ జిల్లాలోని తిల్దాను తీసికొందము. బిలాస్‌పూర్–రాయపూర్ మార్గమున, తిల్దా-నేవరా అను పేరుతో ఉన్న ఈ స్టేషను మన పాఠకులలో పలువురికి పరిచితమే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఛత్తీస్‌గఢ్ రైల్వే కేంద్రములలో తెలుగు కుటుంబములు ఉన్నవి. 1931 లో విజయనగరం–రాయపూర్ మార్గము పూర్తియైన తరువాత ఆ సంబంధము మరింత బలపడినది. పిల్లల చదువులు, బంధుత్వములు అక్కడనే స్థిరపడిన ఉద్యోగి పదవీ విరమణకు ముందు అక్కడనే ఒక స్థలము కొనదలచుట సహజము. ఆ స్థలము అనేక సందర్భములలో నిన్నటి వరిపొలము.

అక్కడి రైతులు నేలలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు పేర్లతో పిలుతురు. భాటా ఎర్రని గులకనేల. కన్హార్ మన నల్లరేగడికి తోబుట్టువు. మిగిలిన రెండును వీటి నడిమివి. కన్హార్ నేల వానకు నీరు త్రాగి ఉబ్బును, వేసవిలో ఎండి కుంచించుకొని నెఱ్ఱెలిచ్చును. ఏటేట సాగు ఈ ఉబ్బు, కుదింపులను లోతులేని పునాది తట్టుకొనలేదు. ఇల్లు ఒకవైపు లేచును, మరియొకవైపు క్రుంగును, తలుపు చట్రముల మూలలనుండి గోడలు ఏటవాలుగా పగులును. తిల్దాకు చేరువనే బైకుంఠ్‌లో పెద్ద సిమెంటు కర్మాగారము ఉన్నది గనుక సిమెంటుకు కొరత లేదని కొందరు ధీమాగా పలుకుదురు. సిమెంటు ఎంత మేలైనదైనను, క్రిందనున్న మట్టి స్వభావమును అది మార్చజాలదు.

కనుక మొదట చూడవలసినది మట్టిని. ఋతువుతోపాటు తేమ మారుచుండు పొరను దాటి గోయి దిగినదా? అడుగున త్రవ్వి కదల్చని గట్టి నేల ఉన్నదా, లేక రాలిన మట్టి, ఊరిన నీరు ఉన్నవా? ఒక మూల మొరము, మరియొక మూల నల్లమట్టి తగిలినచో పని నిలిపి ఇంజనీరును పిలువవలెను, ఎందుకనగా రెండు నేలలపై నిలిచిన ఇల్లు రెండు విధములుగా కదలును. నల్లమట్టి చాల లోతున్నచోట్ల, అడుగున గుండ్రని ఉబ్బు గల పొట్టి పైళ్లను వేయు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఏనాడో అభివృద్ధి చేసినది. దానికి ఖర్చు హెచ్చే, కాని పగిలిన ఇంటిని మరల నిలబెట్టు ఖర్చుతో పోల్చి చూడవలెను.

తరువాత ఇనుము. పునాదిలో చువ్వలకు అన్నివైపుల కనీసము 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవచము ఉండవలెనని భారత ప్రమాణము 456 చెప్పుచున్నది. చువ్వల జాలిని నేలమీదనే పరచి, పోయునప్పుడు చేతితో పైకి లాగెదమను మేస్త్రీలు కలరు. ఆ మాటను అంగీకరింపరాదు. జాలి క్రింద కాంక్రీటు బిళ్లలే ఉండవలెను, ఇటుక ముక్కలు కాదు. చువ్వల లావు, ఎడము నక్షాతో సరిపోల్చవలెను. స్తంభపు చువ్వలు నిటారుగ నిలిచి, కదలకుండ కట్టబడియుండవలెను. ముగ్గు సరిగా ఉన్నదో లేదో తెలిసికొనుటకు టేపు చాలును: నలుచదరపు మూలలనుండి మూలలకు రెండు కొలతలును సమానము కావలెను.

ఇక నీరు. ఇనుము గల కాంక్రీటుకు కనీసమైన ఎం20 మిశ్రమమును పాళ్ల ప్రకారము కలుపునపుడు, 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్ల నీటిని మించరాదని అదే ప్రమాణము నిర్దేశించుచున్నది. పలుచగా ఉన్న కాంక్రీటు సులభముగా జారును, అందుచేతనే అది కూలీకి, కాంట్రాక్టరుకు ఇష్టము.

మేస్త్రీని అనుమానించుట కార్మికుడు కార్మికుని అవమానించుట కాదా అని ఒక మిత్రుడు వాదించెను. ఈ వాదమునకు విలువ ఇవ్వవలసినదే. అయితే మేస్త్రీ కాంట్రాక్టరు ఒత్తిడిక్రింద పనిచేయువాడు. యజమాని వచ్చి చూచునని తెలిసినపుడు, ఇనుము తగ్గించుమని చెప్పిన కాంట్రాక్టరుకు ఎదురు చెప్పుటకు అతనికి ఒక ఆధారము దొరకును. 2014 జూన్ 28 న చెన్నై సమీపమున మౌలివాక్కంలో నిర్మాణములోని పదకొండంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో పలువురు మన ఉత్తరాంధ్రనుండి వెళ్లిన కూలీలు. పని లోపభూయిష్టమైనపుడు ముందుగా ప్రాణములు కోల్పోవునది దానిని కట్టినవారే.

వేతనములు, పింఛనులు చూడవలసిన సంఘమునకు పునాదుల గొడవ ఎందుకని మరికొందరు అడుగుదురు. 2017 నాటి గృహనిర్మాణ అడ్వాన్సు నిబంధనల ప్రకారము కేంద్ర ఉద్యోగికి 34 నెలల మూలవేతనమునకు మించకుండ, గరిష్ఠముగా 25 లక్షల రూపాయల వరకు అప్పు లభించును. అది వాయిదాలుగా అతని జీతమునుండియే కోయబడును. క్రొత్త ఇంటికి సగము సొమ్ము తనఖా పిమ్మట, మిగిలిన సగము పని పీఠము ఎత్తుకు చేరిన పిమ్మట విడుదలగును. పీఠము లేచిన తరువాత ఎవరు వచ్చి చూచినను, క్రింద దాగినది కనబడదు. ఆ అడ్వాన్సు కూడ అందని గ్రామీణ డాక్ సేవకుడు అధిక వడ్డీకి తెచ్చి కట్టిన ఇంటి గతి చెప్పనక్కరలేదు. పగుళ్ల మరమ్మతు పింఛనునుండియే పోవును గదా!

కావున పునాది తనిఖీ దినమునకు ఉద్యోగికి ఒక ప్రత్యేక సెలవు ఇవ్వవలెనని సమాఖ్య కోరవలెను. రెండవ వాయిదాకు పీఠము ఎత్తుతోపాటు, కాంక్రీటుకు ముందు ఇంజనీరు ఇచ్చిన తనిఖీ పత్రమును కూడ ఆధారము చేయవలెను. ఇంతకంటె తేలికైన పని మన చేతిలోనే ఉన్నది. రైల్వే ఇంజనీరింగు శాఖలో పనిచేసి విరమించిన మన సోదరులు అనేక ఊళ్లలో ఉన్నారు. రాకపోకల ఖర్చు మాత్రము ఇచ్చిన, ఒక ఉదయము వచ్చి గోయిలోనికి దిగి చూచుటకు వారు సిద్ధపడుదురని నా విశ్వాసము. అట్టివారి పేర్ల పట్టికను ప్రతి శాఖయు తయారు చేయవలెను. ఛత్తీస్‌గఢ్‌లో జూన్ నడిమికి వానలు దిగును గనుక పునాదులు వేసవిలోనే త్రవ్వుదురు. ఈ పట్టిక హోలీ నాటికే సిద్ధముగా ఉండవలెను.