పదవ దినమున పలకరించు గొంతు

భూదాన్ పోచంపల్లిలో గుంటమగ్గము నేయు మా మేనమామగారికి నిరుడు నడుము పట్టుకొన్నప్పుడు, వైద్యశాలలోని ఫిజియోథెరపిస్టుగారు అరగంటసేపు ఓపికతో చెంతనుండి, మోకాలు మడచి పొట్టకు తెచ్చుకొనుట, వెల్లకిల పరుండి తుంటి పైకెత్తుట, బోర్ల పరుండి మోచేతులపై ఛాతీ లేపుట అను మూడు వ్యాయామములు చేయించి, బొమ్మలున్న కాగితమొకటి చేతికిచ్చి పంపిరి. మూడవ దినమునకే అది చొక్కా జేబులో నాలుగు మడతలై చెమటకు తడిసి, బొమ్మల క్రింది ఇంగ్లీషు అక్షరములు చెరగిపోయినవి. "ఏం రా, ఈ బొమ్మల మోకాలు మడవాల్నా, చాపాల్నా?" అని ఆయన నన్నడిగిరి, నాకును తెలియలేదు. పదవ దినమునకు చాప చుట్ట గోడకు చేరినది.

ఆయన సోమరి కారు. నలువది యేండ్లు గుంటలో కాళ్లు దింపి, పడుగుమీదికి మెడ వంచి నాడె ఆడించిన మనిషికి శ్రమ క్రొత్తది కాదు; చేయుచున్నది సరియో కాదో చెప్పువారు లేక, నొప్పి కొంచెము హెచ్చగానే భయము పుట్టి మానివేసిరి. వైద్యశాలకును ఇంటి చాపకును నడుమనున్న ఈ శూన్యమే వ్యాయామ చికిత్సను చెరచుచున్నదని నా దృఢ విశ్వాసము.

2020 నాటికి ప్రపంచమున దాదాపు 62 కోట్లమంది నడుము నొప్పితో బాధపడుచుండిరనియు, 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటగలదనియు అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకములు దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామమును, రోగికి అవగాహన కల్పించుటను సిఫారసు చేసి, మన ఊళ్లలో విరివిగా అంటగట్టు బెల్టులను, నడుమును లాగిపట్టు ట్రాక్షనును వలదన్నవి. బెల్టు కొనుట సులభము. మూడు మాసములు విడువక నడుము వంచి లేపుటయే కష్టము.

ఆ కష్టమునకు ఫోను తోడు రాగలదా? డెన్మార్కు, నార్వే దేశములలో 461 మందిపై సెల్ఫ్‌బ్యాక్ అను యాప్‌ను పరీక్షించి 2021లో ప్రకటించిన ఫలితములలో మేలు కనబడినది గాని, అది స్వల్పము. 2023లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన నన్ను మరింత ఆలోచింపజేసినది. అందు 492 మందిని మూడు జట్లుగా విభజించి, ఒక జట్టును మామూలు వైద్యమునకు వదలి, రెండవ జట్టుకు నొప్పి భయమును పోగొట్టుచు కదలిక నేర్పు ఫిజియోథెరపిస్టులను, మూడవ జట్టుకు ఆ ఫిజియోథెరపిస్టులతోబాటు కదలికలను కొలిచి చూపు సెన్సారులను సమకూర్చిరి. మామూలు వైద్యము పొందినవారికంటె తక్కిన రెండు జట్లవారును ఎంతో కోలుకొనిరి, ఏడాది గడచినను ఆ మేలు నిలిచినది; కాని సెన్సారులున్న జట్టునకును లేని జట్టునకును చెప్పుకోదగిన భేదము కానరాలేదు. యంత్రము మనిషి మాటకు వాహనము కావలెను గాని, మాట మాన్పించి తాను కూర్చుండరాదని దీనినుండి నేను గ్రహించితిని.

జర్మనీలో 2019 నాటి చట్టము వలన వైద్యులు మందులవలెనే ఆమోదిత యాప్‌లను వ్రాసియిచ్చుచున్నారు, బీమా సంస్థలు వాటి వెల చెల్లించుచున్నవి. వెన్నునొప్పికి వ్యాయామము నేర్పునదియు వాటిలో కలదు. మనకు అంత ఆడంబరము అక్కరలేదు. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తలు, పల్లె దవాఖానాలు, బస్తీ దవాఖానాలు, ఇ-సంజీవని దూరవైద్యము మనకున్నవి. వీటికి తోడుగా, చదువు రానివారికిని అర్థమగునట్లు తెలుగులో, ఆయా ప్రాంతముల పలుకుబడిలో, మామూలు ఫోనునకు సైతము వచ్చి వ్యాయామము నేర్పు గొంతును ప్రభుత్వము ఏర్పరుపవలెను. కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినదనిగాని, మూత్రము పట్టు తప్పినదనిగాని రోగి చెప్పిన మరుక్షణమే ఆ గొంతు వ్యాయామము ఆపుమని చెప్పి, వైద్యునియొద్దకు పంపవలెను. వ్యాయామమును సరిచూచుటకు ఇంటిలో తీసిన దేహపు వీడియోలు రోగి అనుమతి లేక ఫోను దాటిపోరాదు.

మామయ్యగారితో రెండవమారు వైద్యశాలకు వెళ్లినప్పుడు, ఆ ఫిజియోథెరపిస్టుగారి అనుమతితో వారి మాటలనే నా ఫోనులో పట్టి తెచ్చితిని. సాయంకాలము మగ్గము దిగిన పిమ్మట ఆ గొంతు "ఊపిరి బిగపట్టకండి, మెల్లగా లేపండి" అనుచుండ, ఆయన ఒక్కొక్కటే లెక్కపెట్టుకొనుచు చేయుదురు. ఆదివారము ఆ ఫిజియోథెరపిస్టుగారే స్వయముగ ఫోను చేసి ఎట్లున్నదని అడుగుదురు. ఆ దినమున మామయ్యగారు గంట ముందుగనే చాప పరచుకొని కూర్చుందురు.